భయపడ్డ చెవికి శ్రుతి వినపడదు, బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "పెద్దమ్మా, 'విప్‌లాష్' సినిమాలో సారు లాంటోడు దొరికితేనే మనిషి పైకొస్తడు, మెత్తగ చెప్పేటోళ్ల దగ్గర ఏమొస్తది?" అన్నావు. నిజామాబాదులో మీ మృదంగం మాస్టారిని వదిలేసి, తిడతాడని, చెయ్యి చేసుకుంటాడని పేరున్న ఇంకొకాయన దగ్గర హైదరాబాదులో చేరతానన్నావు. ఆయన తిట్టడమే ఆయన గొప్పతనానికి గుర్తు అన్నట్టు చెప్పావు. ఫోన్‌లో చెబితే సగమే చెప్పగలుగుతాను. అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

నువ్వు పంపిన సినిమా చూశాను. గొప్పగా తీశాడు, అందులో అనుమానం లేదు. డేమియన్ షజెల్ తీసిన, 2014లో విడుదలైన ఆ సినిమా పంతొమ్మిది రోజుల్లో షూటింగ్ అయిపోయిందంటే నమ్మబుద్ధి కాదు. మూడు ఆస్కార్లు వచ్చాయి. ఫ్లెచర్ అనే ఆ గురువు వేషం వేసిన జె.కె. సిమన్స్‌కు ఒకటి, ఎడిటింగ్‌కు ఒకటి, శబ్దానికి ఒకటి. నీకు బాగా నచ్చిన ఆ బాణీ, సినిమాకు పేరైన బాణీ, హ్యాంక్ లెవీ రాసింది. ఎక్కువ భాగం ఏడు లెక్కన నడుస్తుంది. మన మిశ్ర చాపు కూడా ఏడే కదా, అందుకే నీ చేతికి అంత తొందరగా అందింది. ఇదంతా నీకు నచ్చడంలో తప్పు లేదు.

కానీ ఒక సంగతి చూడు. షజెల్ స్కూల్లో చదివేటప్పుడు డ్రమ్స్ వాయించేవాడు. వాళ్ల బ్యాండ్ మాస్టారు చాలా కఠినుడు. ఆ రోజుల్లో తన కడుపులో తిరిగిన భయాన్నే సినిమాగా తీశానని అతనే చెప్పుకున్నాడు. భయం ఎట్లా ఉంటుందో తెలిసినవాడు తీసిన సినిమా అది. నువ్వేమో భయం మంచిదని చెప్పడానికి తీశాడని అనుకుంటున్నావు. చివర్లో ఆ శిష్యుడు ఆండ్రూ అంత బాగా వాయించాడు కదా, తర్వాత వాడి బతుకు ఏమవుతుందని అడిగితే దర్శకుడు ఏమన్నాడో తెలుసా? ఫ్లెచర్ తానే గెలిచానని అనుకుంటూ ఉండిపోతాడట. ఆండ్రూ లోపల అంతా ఖాళీ అయిపోయి, ముప్పై ఏళ్లు దాటాక మత్తుమందులకు చచ్చిపోతాడట. నువ్వు చప్పట్లు కొట్టిన ముగింపు గురించి, దాన్ని తీసినవాడు అన్న మాట ఇది.

ఇక ఆ తాళం కథ. శాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్ కుర్రవాడిగా ఉన్నప్పుడు తప్పు వాయిస్తే, డ్రమ్మర్ జో జోన్స్ తాళం (సింబల్) తీసి తలకేసి విసిరాడని, ఆ దెబ్బతోనే పార్కర్ మహానుభావుడయ్యాడని ఫ్లెచర్ చెబుతాడు. నువ్వు దాన్ని వేదవాక్కులా పట్టుకున్నావు. నిజంగా జరిగింది అది కాదు. 1936లో కన్సాస్ సిటీలో రీనో క్లబ్బులో అందరూ కలిసి వాయిస్తున్నారు. పార్కర్ వయసు పదహారు నిండీ నిండలేదు. వాయిస్తూ వాయిస్తూ దారి తప్పాడు. జో జోన్స్ తాళాన్ని వాడి కాళ్ల దగ్గర కింద పడేశాడు. ఇక చాలు, దిగు అని దాని అర్థం. అందరూ నవ్వారు. పిల్లవాడు సిగ్గుపడ్డాడు. అంతే. తలకు గురిపెట్టి ఎవరూ ఏదీ విసరలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందన్నదే అసలు కథ, ఫ్లెచర్ దాన్ని సాధన అన్న ఒక్క మాటతో దాటేస్తాడు. మరుసటి ఎండాకాలం పార్కర్ ఓజార్క్ కొండల్లో ఒక విడిది దగ్గర వాయించే పనికి వెళ్లాడు. లెస్టర్ యంగ్ వాయించిన రికార్డులు వెంట తీసుకుపోయి, ఒక్కొక్క వరుసా మళ్ళీ మళ్ళీ విని నేర్చుకున్నాడు. తోటి వాద్యకారుల దగ్గర స్వరాల కూర్పు తెలుసుకున్నాడు. మూడు నాలుగేళ్లపాటు రోజుకు పదకొండు గంటలు, పదిహేను గంటలు సాధన చేశానని తర్వాత 1954లో ఒక రేడియో మాటామంతీలో చెప్పాడు. తిరిగొచ్చినప్పుడు ఊరు ఊరంతా ఆశ్చర్యపోయింది. అవమానం ఒక్క రాత్రిది. రికార్డులు, కొండలు, కలిసి వాయించిన మనుషులు, గంటల కొద్దీ సాధన, వీటికి ఏళ్లు పట్టాయి. ఆ ఏళ్లను పక్కన పెట్టి ఒక్క రాత్రికే పేరు కట్టబెట్టడం ఫ్లెచర్ లాంటివాళ్లకు అవసరం, నీకు కాదు. పార్కర్ ముప్పై నాలుగేళ్లకే, 1955లో చనిపోయాడు. సినిమాలో ఆండ్రూ భోజనాల బల్ల దగ్గర ఆ చావును కూడా గొప్పగా చెప్పుకుంటాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది, ఎందుకంటే నీ వయసు పిల్లలు నమ్మే మాట అది.

నేను ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పాను. సంగీతం చెప్పలేదు కానీ, చెవి గురించి నాకు కొంత తెలుసు. భయపడ్డ పిల్లవాడు పాఠం వినడు, పంతులు ముఖం చూస్తాడు. కనుబొమ ముడిపడిందా, గొంతు మారిందా, చెయ్యి లేస్తుందా అని చూస్తాడు. వాడి చెవి మొత్తం అటే పోతుంది. నువ్వు ఇంకోసారి ఆ సినిమా చూసేటప్పుడు ఆండ్రూ కళ్లను చూడు. బ్యాండులో పక్కన ట్రంపెట్ వాయించేవాడిని గాని, పియానో వాయించేవాడిని గాని అతను ఒక్కసారైనా చూస్తున్నాడా? ఫ్లెచర్ చేతినే చూస్తుంటాడు. కాలంలో తొందరపడుతున్నావా, వెనకబడుతున్నావా అని అడిగి చెంప మీద కొడతాడే, ఆ దృశ్యంలో ఆ పిల్లవాడు కాలప్రమాణం నేర్చుకోలేదు. దెబ్బ ఎప్పుడు పడుతుందో లెక్కపెట్టడం నేర్చుకున్నాడు.

నీది మృదంగం, బిడ్డా. కచేరీలో దాన్ని పక్కవాద్యం అంటారు. పాడే ఆమె పల్లవి ఎత్తుకుంటే ఎక్కడ ఎత్తుకుందో విని, ఆమె నెమ్మదిస్తే నువ్వు నెమ్మదించి, ఆమె సంగతి వేస్తే దానికి చోటిచ్చి వాయించాలి. వయొలిన్ ఆయన ఏమంటున్నాడో వినాలి. తని ఆవర్తనం వచ్చినప్పుడు నీ చేతి పనితనం చూపించు, ఎవరూ కాదనరు. కానీ అది కచేరీలో కొద్దిసేపే. మిగతాదంతా వినడమే. ఆ సినిమాలో సంగీతం అంటే ఒకణ్ణి ఒకడు కింద పడేయడం. ఒక కుర్చీ కోసం ముగ్గురు డ్రమ్మర్లు కొట్లాడతారు. కలిసి వాయించిన సంతోషం ఆ సినిమా మొత్తంలో ఎక్కడుంది చెప్పు?

ఆ రక్తం సంగతి కూడా. చేతులు పగిలి, మంచునీళ్లలో ముంచి, మళ్ళీ వాయించడం చూసి నువ్వు మురిసిపోయావు. జాజ్ తెలిసినవాళ్లు చాలామంది ఆ దృశ్యాన్ని ఒప్పుకోలేదు. పుల్లను బిగబట్టి వాయించేవాడికే చేతులు అట్లా పగులుతాయి, పట్టు వదులుగా ఉండాలని అన్నారు. మీ మాస్టారు నీకు మొదటి రోజు త ధి తోం నం చెబుతూ మణికట్టు వదులు చెయ్యమని ఎన్నిసార్లు అన్నాడో గుర్తు చేసుకో. మొదటి కాలంలో నిలబడనిది మూడో కాలంలో నిలబడదని ఆయన అంటే నీకు విసుగు. ఆ విసుగే నిన్ను ఇప్పుడు హైదరాబాదు తరుముతోందని నా అనుమానం. ఆయన నిన్ను తిట్టడం లేదు, నిజమే. కానీ "మళ్ళీ" అనడం మానాడా? తొప్పికి రవ్వ ముద్ద సరిగ్గా పెట్టలేదని విప్పించి మళ్ళీ పెట్టించాడా లేదా? అది కఠినం కాదా?

మన దగ్గర కూడా గురువు కథలు తీసినవాడు ఉన్నాడు. కె. విశ్వనాథ్ తీసిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుని చూడు. 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో శంకరశాస్త్రి మెత్తటివాడు కాదు. సంగీతం విషయంలో ఒక్క తప్పు కూడా ఓర్చుకోడు, కూతురినైనా సరే. కానీ చివరికి ఏం చేస్తాడు? తులసి అనే ఆమె కొడుకును శిష్యుడిగా తీసుకుని, తాను సభలో పాడుతూ పాడుతూ కూలిపోతే, ఆ పిల్లవాడు పాట అందుకునేంత వరకు తయారుచేస్తాడు. 1992లో వచ్చిన 'స్వాతికిరణం'లో మమ్ముట్టి వేసిన అనంతరామశర్మ అట్లా కాదు. విద్వత్తులో శంకరశాస్త్రికి తీసిపోడు. కానీ గంగాధరం అనే పిల్లవాడి గొంతులో తనకంటే ఎక్కువేదో ఉందని తెలిసిన రోజు నుంచి ఆయన పాఠం పాఠం కాదు. చివరికి ఆ పిల్లవాడు ప్రాణం తీసుకుంటాడు. ఆ పిల్లవాడికి గొంతిచ్చిన వాణీ జయరాంకు జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాటలు వింటూ నువ్వు చిన్నప్పుడు మా ఇంట్లో నిద్రపోయేవాడివి. పెద్దయ్యాక ఆ సినిమా నువ్వు పూర్తిగా చూడలేదనుకుంటా. చూడు. 'విప్‌లాష్'లోనూ ఒక పాత శిష్యుడు ఉన్నాడు, షాన్ కేసీ. కారు ప్రమాదంలో పోయాడని ఫ్లెచర్ తరగతిలో కన్నీళ్లు పెట్టుకుంటాడు. నిజానికి ఆ పిల్లవాడు కుంగిపోయి ఉరేసుకున్నాడు. ఒక్క నిమిషం చెప్పి సినిమా ముందుకు పోతుంది, నువ్వూ ముందుకు పోయావు. నేను అక్కడే ఆగిపోయాను.

ఎందుకు ఆగానో చెబుతాను. నిజంగా గొప్పవాడు అయ్యేవాడు ఎంత తిట్టినా మానడు అని ఫ్లెచర్ అంటాడు. వినడానికి బాగుంటుంది. కానీ మానేసినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు? నిలబడ్డ ఒక్కడిని చూపించి, చూశారా నా పద్ధతి అంటారు. పోయినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరు. మన రాష్ట్రంలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. నువ్వప్పుడు చిన్నవాడివి. నేను బడిలో ఉన్నాను. ఆ నెలలో ప్రతి తల్లీ పిల్లల గది తలుపు గడియ పెట్టనివ్వలేదు. పిల్లలకు ఎక్కడ నొక్కితే మెరుగవుతారు, ఎక్కడ నొక్కితే విరుగుతారు అన్నది పైకి కనిపించదు. అందుకే 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. నువ్వు ఆ వయసు దాటావు, సంగీతం మాస్టారింటి గడపకు ఆ చట్టం రాదు. నీ మంచిచెడ్డ నువ్వే చూసుకోవాలి.

కఠినంగా ఉండేవాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనడం లేదు. మీ బాపు పసుపు ఉడికించేటప్పుడు పక్కన నిలబడి ఎన్నిసార్లు చూశావు! మంట లేకుండా పచ్చి కొమ్ము పసుపు కాదు. ఉడకడం తక్కువైతే ఎండాక పుటుక్కున విరుగుతుంది. ఎక్కువైతే రంగు పోతుంది, నిజామాబాదు యార్డులో ధర పోతుంది, సాంగ్లీకి లారీ ఎక్కించినా ఎవరూ అడగరు. నురగ పొంగి, తెల్లటి ఆవిరి లేచి, ఆ వాసన కొట్టగానే మీ బాపు ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చి చూస్తాడు. మంట ఎంత పెట్టాలో కొమ్మును చూసి తెలుసుకుంటాడు. తన కోపాన్ని బట్టి పెట్టడు. నువ్వు చేరాలనుకుంటున్న మాస్టారు నిన్ను చూసి మంట పెడుతున్నాడా, తన కోపం కొద్దీ పెడుతున్నాడా, అది కనిపెట్టు.

గీత ఎక్కడో కూడా చెబుతాను, ఎందుకంటే కొత్త ఊళ్లో, పెద్దాయన ముందు కూర్చున్నప్పుడు నీకు తోచకపోవచ్చు. నీ చేతిని అంటే విను. నీ లయను అంటే విను. వందసార్లు అన్నా విను, కళ్లల్లో నీళ్లొచ్చినా విను, మానేసి రాకు. కానీ నీ తల్లిని అంటే లేచి వచ్చెయ్. ఫ్లెచర్ మొదట మంచిగా మాట్లాడి, ఆండ్రూ తల్లి చిన్నప్పుడే వదిలిపోయిందని కనుక్కుంటాడు. కాసేపటికే అందరి ముందూ అదే మాటతో పొడుస్తాడు. నువ్వు ఆ దృశ్యంలో పట్టించుకోలేదేమో. మీ అమ్మ బీడీలు చుట్టి నీ మొదటి మృదంగం కొనిచ్చింది. ఆ మాట ఎవరి నోట్లోనైనా వెటకారంగా వస్తే, మన ఆర్మూరు మాటను వెక్కిరిస్తే, మీ కులం అడిగి మాట విసిరితే, అది పాఠం కాదు. అక్కడ ఒక్క రోజు కూడా ఉండకు. ఎంత పెద్ద విద్వాంసుడైనా సరే.

మంచి గురువులు మన దగ్గర లేకపోలేదు, బిడ్డా. ఘంటసాల కథ నీకు సగమే తెలుసు. విజయనగరంలో చేతిలో పైసా లేకుండా ఉన్న ఆ పిల్లవాడికి పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా సంగీతం చెప్పారు. ఇంటింటికీ వెళ్లి మధుకరం అడుక్కుని తినమన్నారు, అందులో సిగ్గు లేదన్నారు. అది తక్కువ కఠినమా? జోలె పట్టుకుని తిరగమనడం కంటే కష్టమైన పాఠం ఏముంటుంది? కానీ ఆ పాఠంలో పిల్లవాడిని తక్కువ చేయడం లేదు. ఘంటసాల జీవితాంతం ఆ గురువును తలచుకున్నాడు. నీ వాద్యంలోనే చూడు, దండమూడి సుమతి గారు. మృదంగం ఆడపిల్లలది కాదని అందరూ అనే రోజుల్లో తండ్రి నిడుమోలు రాఘవయ్య గారు ఆమెకు చిన్నప్పుడే నేర్పారు. తర్వాత దండమూడి రామమోహనరావు గారి దగ్గర నేర్చుకుని, ఆయన్నే పెళ్లి చేసుకున్నారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఊరంతా వద్దన్నదాన్ని చెయ్యమని ధైర్యమిచ్చిన తండ్రి వల్ల ఆ చేయి తయారైంది.

ఇంకా దగ్గరికి రా. ఒగ్గు కథలు నువ్వు చూసినవే. జనగామ వైపు చుక్క సత్తయ్య గారు, 2017లో పోయారు, ఆయన కథ చెబుతుంటే వెనక డోలు కొట్టేవాళ్లు ఎట్లా నేర్చుకుంటారో ఎప్పుడైనా ఆలోచించావా? పిల్లలు పెద్దవాళ్ల వెనక నిలబడి వింటూ, కొడుతూ, తప్పుతూ, మళ్ళీ అందుకుంటూ నేర్చుకుంటారు. మన బోనాలకు, పీర్ల పండుగకు డప్పు కొట్టేవాళ్లూ అంతే. రాత్రంతా దరువు తప్పకుండా కొడతారు. ఆ కాలప్రమాణం ముందు చాలా కచేరీలు నిలబడవు. ఆ విద్యకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఎవరూ దాన్ని విద్య అని పిలవనూ లేదు, అది మన తప్పు. నువ్వు మృదంగం నేర్చుకుంటూ డప్పు వాళ్ల పక్కన నిలబడి ఒక్క రాత్రి వాయించు. సిగ్గుపడకు. చెవి తెరుచుకుంటుంది.

ఇంకొక్క మాట, నీకు కోపం వచ్చినా సరే. ఆండ్రూ తన మనసుకు నచ్చిన పిల్లను పిలిచి, నువ్వు నా సాధనకు అడ్డమవుతావు అని చెప్పి పంపించేస్తాడు. నువ్వూ ఈ మధ్య దోస్తులతో మాట్లాడటం లేదని, పండక్కి కూడా గదిలోంచి రాలేదని మీ అమ్మ ఏడుస్తోంది. నిన్ను నువ్వే తిట్టుకుంటూ వాయిస్తున్నావట, తప్పు పోతే చేతి మీద కొట్టుకుంటున్నావట. హైదరాబాదు మాస్టారి కంటే నాకు ఇదే ఎక్కువ భయం. ఆ గురువును నువ్వు లోపల పెట్టుకున్నావు. ఆయన్ని ఇంట్లోంచి పంపించడం మా చేతుల్లో లేదు, నీ చేతుల్లోనే ఉంది. సినిమా చివర్లో తలుపు సందులోంచి కొడుకును చూసే తండ్రి ముఖం ఇంకోసారి చూడు. అందరూ అది గర్వం అనుకుంటారు. నాకైతే కొడుకు చెయ్యి జారిపోతుంటే చూస్తున్న మనిషి కనిపించాడు. మీ బాపు మొహంలో అది చూడాలని లేదు నాకు.

ఇక చేయవలసినవి. డిగ్రీ మానకు, రెండూ నడుస్తాయి. ఆ హైదరాబాదు మాస్టారి దగ్గర చేరే ముందు, వేరే పిల్లలకు ఆయన చెప్పే పాఠం ఒక రోజంతా పక్కన కూర్చుని చూడనిమ్మని అడుగు. కాదంటే అక్కడికి అదే జవాబు. సరే అంటే, పాఠం అయ్యాక బయటికొచ్చే పిల్లలతో మాట్లాడు. ఇవాళ ఏం నేర్చుకున్నావని అడుగు. జతి చెబితే చేరు. ఆయన ఏమన్నాడో చెబితే ఆలోచించు. ఆయన దగ్గర ఇంతకుముందు నేర్చుకుని మానేసినవాళ్లు ఒకరిద్దరు దొరికితే వాళ్లనూ కలువు, పేరొచ్చినవాళ్లను మాత్రమే కలిసి రాకు. నిజామాబాదులో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, అక్కడ పరీక్షలకు కట్టే సంగతి కనుక్కో. మీ పాత మాస్టారికి మాత్రం చెప్పకుండా పోవద్దు. ఆయన ఇంటికి వెళ్లి, కాళ్లకు మొక్కి, ఎందుకు వెళ్లాలనుకుంటున్నావో చెప్పు. ఆయన ఏమంటాడో విను. నీకంటే ముందు నీ చెయ్యి ఆయనకు తెలుసు.

ఫీజు సంగతి మీ అమ్మను అడగకు. ఈసారి పసుపు ధర ఎట్లా ఉంటుందో ఇంకా తెలియదు. నా పింఛను నుంచి నెలనెలా పంపిస్తాను. హైదరాబాదు వెళ్లినా, ఇక్కడే ఉన్నా, ఆదివారం పొద్దున ఫోన్ చెయ్. ఏం వాయించావో చెప్పు, ఏం తిన్నావో కూడా చెప్పు.

మీ పెద్దమ్మ,
ఆర్మూరు